డర్బన్ సముద్రం ఒడ్డున

డర్బన్ అనగానే మనలో చాలామందికి గాంధీగారు గుర్తొస్తారు. 1893లో ఆయన ఓడ దిగిన ఊరు అది. మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా అక్కడ ఉంటున్నారు కనుక మొన్న డిసెంబరులో మూడు వారాలు ఉండి వచ్చాను. ఊళ్లో చూడదగ్గవి చాలానే ఉన్నాయి గాని, నేను రోజూ పోయింది మాత్రం బీచికే. మద్రాసులో పుట్టి పెరిగినవాణ్ణి, మెరీనా అలవాటు ఎక్కడికి పోతుంది?

అక్కడా సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు. మనకు చలికాలమైతే వాళ్లకు మండు వేసవి. పైగా పిల్లలకు సెలవులు. ఇసుక కనపడనంత జనం! ఒడ్డు పొడవునా వెడల్పాటి నడకదారి వేశారు. సముద్రంలోకి పొడుచుకుపోయిన కట్టల మీద గేలాలు పట్టుకుని గంటల తరబడి కూర్చునేవాళ్లు కూర్చుంటారు. స్నానానికి జెండాలు పాతి హద్దులు పెట్టారు, అవి దాటితే కాపలావాళ్లు ఈల వేస్తారు. షార్కుల భయం వల్ల 1952 నుంచే నీళ్లలో వలలు కడుతున్నారు. తలమీద కొమ్ములు, ఒంటినిండా పూసలతో జులూ రిక్షావాళ్లు ఎగిరి గంతులేస్తారు. ఆ రిక్షాలు 1892లో వచ్చాయట. ఫొటోకి మాత్రం బేరమాడుకోవాలి సుమా! తిండి సంగతికొస్తే, బ్రెడ్డును లోపల తొలిచి కూర నింపి ఇచ్చే 'బన్నీచౌ' మనవాళ్లు కనిపెట్టిందే. చిక్కుడు గింజల కూరతో తిన్నాను. బాగానే ఉంది, కారం మన లెక్కే.

ఒకరోజు సాయంత్రం బెంచీ మీద పక్కన కూర్చున్న పెద్దమనిషి పలకరించాడు. డెబ్బై దాటిన మనిషి. పేరు చివర 'నాయుడూ', రెండు 'ఓ'లతో రాస్తారు. ఇద్దరు మనవలు నీళ్లలో ఆడుతుంటే కన్ను తిప్పకుండా చూస్తున్నాడు. "మా చిన్నప్పుడు ఈ ఇసుకలో కాలు పెట్టనిచ్చేవారు కాదు" అన్నాడు. ఇక్కడ స్నానం తెల్లజాతివారికి మాత్రమేనని ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్, జులూ భాషల్లో బోర్డులుండేవి. అవి పోయింది 1989లోనే. ఎప్పుడో తాతలనాటి సంగతి కాదు, మా అమ్మాయి పుట్టిన తర్వాతి సంగతి! వాళ్ల నాన్న ఈ అలల్ని బస్సు కిటికీలోంచి చూపించేవాడట.

ఈ ఊరికి మనవాళ్ల రాక మద్రాసు నుంచే మొదలైంది. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మూడువందల నలభై మందిని ఇక్కడ దింపింది. 1911 వరకు అలా చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వచ్చినవాళ్లు లక్షా యాభై వేలకు పైనే. గంజాం, విశాఖ, నెల్లూరు, చిత్తూరు పక్కలనుంచి వచ్చినవాళ్లు వారిలో ఎందరో. నేను ఏళ్ల తరబడి షికారు చేసిన ఒడ్డునుంచి వాళ్లు అలా వెళ్లారని నాకు డర్బన్ పోయేదాకా తట్టనే లేదు.

ఆయనకు తెలుగు రాదు. అవ్వ, తాత, మరో నాలుగు మాటలు, అంతే. అక్కడి ఆంధ్ర మహాసభ 1931 నాటిది. దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగం గౌరవం ఇవ్వమన్న భాషల్లో తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూలతోబాటు మనదీ ఉంది, స్పెల్లింగు మాత్రం 'తెలెగు'. ఆ సంగతి ఆయనే చెప్పి, "రాజ్యాంగంలో పేరుంది, మా ఇంట్లో మాట లేదు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా మనవడు ఆ పక్కనే ఇంగ్లీషులో ఐస్‌క్రీమ్ అడుగుతున్నాడు.

మర్నాడు ఆయన ఓ కాయితం తెచ్చాడు. ముత్తాత వివరాలున్న ఓడ జాబితా నకలు. నంబరు, తండ్రి పేరు, వయసు 22, జిల్లా గంజాం, తాలూకా ఇచ్ఛాపురం. ఊరి దగ్గర గుమాస్తా తన చెవికి విన్నట్టు 'పోలం' అని రాశాడు. "ఇది ఎక్కడుంది?" అని అడిగాడు. పాలెం అయ్యుండాలి. దాని ముందు ఏముండేదో గుమాస్తా వదిలేశాడు. పాలేలు మనకు ఒకటా రెండా!

నకలు నా దగ్గరుంది. ఇచ్ఛాపురం, బరంపురం పక్క మన సభ్యుల ఇళ్లల్లో, సముద్రం దాటిపోయి తిరిగిరాని మనిషి గురించి పెద్దలు చెప్పుకోవడం ఎవరైనా విని ఉంటే, దయచేసి పత్రికకు ఓ కార్డు ముక్క రాయండి. ఆయన వచ్చే ఏడు వస్తానంటున్నాడు.