తన పేరున ఒక సిమ్

గల్ఫ్‌కు కొత్తగా చేరిన కూలీకి కూడు, పడక తర్వాత వెంటనే కావాల్సింది ఫోన్ నంబరు. తెలంగాణలోని ధరూర్, గద్వాల, వనపర్తి వైపు నుంచి వలస ఎక్కువగా ముంబయి, పుణె, హైదరాబాదులకే సాగింది. ఆ దారిలో పాత సిమ్‌కు రీచార్జి చేయిస్తే చాలు. సముద్రం దాటినవారికి మాత్రం రోమింగ్ ధర భరించలేనిది. అందుకే అక్కడి సిమ్ తీసుకోక తప్పదు.

విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూపితే సిమ్ దొరుకుతుంది. దుబాయిలో ఎతిసలాత్, డు. సౌదీలో ఎస్టీసీ, మొబైలీ, జైన్. ఖతార్‌లో ఊరీడూ, వోడాఫోన్. అయితే సందర్శకుల సిమ్‌కు గడువుంటుంది. నిలకడైన నంబరుకు నివాస కార్డు కావాలి: ఎమిరేట్స్‌లో ఐడీ, సౌదీలో అకామా, కువైట్‌లో బతాకా. ఎమిరేట్స్ 2012లో సిమ్‌లన్నిటినీ గుర్తింపు పత్రంతో మళ్లీ నమోదు చేయించింది. సౌదీ 2016 జనవరి నుంచి వేలిముద్ర కూడా అడుగుతోంది.

ఆ కార్డు తీయించాల్సింది యజమాని. మెడికల్, వేలిముద్రలు పూర్తయి అది చేతికొచ్చేసరికి వారాలు గడుస్తాయి. ఆలోగా కొత్తవాడు పక్క మంచమతని పేరునున్న సిమ్ అడిగి తీసుకుంటాడు. ఇచ్చినవాడిది మంచి మనసే. కానీ అతని అకామా గడువు తీరితే ఈ నంబరు మూగబోవచ్చు.

వలస మీద వచ్చే సలహాలన్నీ ఏజెంటు మోసం దగ్గరే ఆగిపోతాయి, ఈ సిమ్ సంగతి ఎవరూ చెప్పరు. సౌదీలో అకామా గడువు చూసుకోవాలన్నా, యజమాని తన మీద హురూబ్ (పరారీ ఫిర్యాదు) పెట్టాడేమో తెలుసుకోవాలన్నా ప్రభుత్వ పోర్టల్ అబ్షర్‌లో ఖాతా ఉంటే సులువు. అది తెరవాలంటే సొంత నంబరు ఉండాలి. ఆ నంబరు లేనివాడికి తాను పరారీ జాబితాలో చేరిన సంగతి పోలీసు ఆపి చెప్పేదాకా తెలియకపోవచ్చు. యజమాని అకామా రెన్యువల్ చేయకపోతే నంబరూ ఆగుతుంది. ఇలా కాగితాలు చెల్లక ఖల్లివల్లి అయినవాడు ఫిర్యాదు చేయాల్సిన రోజునే ఫోన్ పోగొట్టుకుంటాడు. తప్పు ఒకరిది, శిక్ష మరొకరికి. సహాయానికి భారత దౌత్య కార్యాలయాలు ఉన్నాయి. దుబాయిలో 800 46342 ఉచిత నంబరు ఉంది. దానికి ఫోన్ చేయాలన్నా చేతిలో పనిచేసే సిమ్ ఉండాలి కదా. అకామా వచ్చిన వారంలోగా కార్మికుడి పేరున సిమ్ తీయించాలన్న షరతు పని ఒప్పందంలోనే ఉండాలి.

నంబరు దొరికాక ఇంటితో మాట. ఎమిరేట్స్‌లో వాట్సాప్ మెసేజీలు పోతాయి, కాల్స్ పోవు. అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లు వాడాలి, అవి ఇక్కడ ఇంటివాళ్ల ఫోన్లోనూ ఉండాలి. సౌదీ 2017 సెప్టెంబరులో ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధం ఎత్తేసింది. కువైట్‌లో వాట్సాప్ కాల్స్ నడుస్తాయి. ఎడారి క్యాంపులో వైఫై ఒకటే, పంచుకునేవారు చాలామంది. రాత్రి పని దిగాక అందరూ ఒక్కసారే ఇంటికి చేస్తే బొమ్మ ఆగిపోతుంది. వాయిస్ మెసేజీలే మిగులుతాయి. ఒకప్పుడు ఇదే పని క్యాసెట్ చేసేది. ఖాళీ క్యాసెట్లో మాటలు నింపి, సెలవుకు వచ్చేవారి చేతికిచ్చి పంపేవారు. ఇంట్లో అందరూ టేప్ రికార్డరు చుట్టూ కూర్చుని, పిల్లల పేర్లు వచ్చిన చోట వెనక్కి తిప్పి మళ్లీ వినేవారు. తర్వాత ఐఎస్‌డీ బూత్‌లు వచ్చాయి: పసుపు బోర్డు, అద్దాల గది, ఎర్రగా పరుగెత్తే మీటరు అంకెలు. ఆ మీటరును చూస్తూ ఏడవడానికి కూడా లెక్క వేసుకోవాల్సి వచ్చేది. విదేశీ కాల్స్ మీద వీఎస్ఎన్ఎల్ గుత్తాధిపత్యం 2002లో ముగిశాకే ధరలు బాగా దిగాయి.

ఇక ఊరి సిమ్. దాన్ని పారేయకూడదు. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. 90 రోజులు వాడకం, కనీస బ్యాలెన్సు లేకపోతే అది రద్దై కొన్నాళ్లకు వేరొకరికి వెళ్తుంది. ఓటీపీలు కూడా వాళ్లకే. 2023 జనవరిలో యూపీఐకి పది దేశాల నంబర్లను అనుమతించారు. ఎమిరేట్స్, సౌదీ, ఖతార్, ఒమన్ ఆ జాబితాలో ఉన్నాయి, కువైట్ లేదు. ఆ సౌకర్యం ఎన్ఆర్‌ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకే. ధరూర్ నుంచి బయలుదేరేవారు తమ ఖాతాకు ఇచ్చిన నంబరు ఎవరి పేరున ఉందో టికెట్ కొనకముందే చూసుకోవాలి.