పస్తు వేరు, ఉపవాసం వేరు



ఇది కొంచెం పెద్ద పోస్టు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నా. మనలో చాలామంది ఊర్లో పిలకాయలకి ట్యూషనో, ఆదివారం క్లాసో చెప్తుంటారు కాబట్టి పనికొస్తుందని అనుకుంటున్నా.

మాది వాకాడు మండలంలో ఒక యానాది కాలనీ. ఇటు స్వర్ణముఖి, అటు సముద్రం, మధ్యలో రొయ్యల గుంటలు. మా గుడికి ఫాదర్ వచ్చేది నెలకు రెండు ఆదివారాలే. మిగతా వారాలు ఉపదేశిగారు ప్రార్థన నడుపుతారు. ప్రార్థన అయినాక వరండాలో పిలకాయల్ని కూర్చోబెట్టి సత్యోపదేశం చెప్పేది నేను. డిగ్రీ చదువుతున్నానని ఆ పని నాకు అప్పజెప్పినారు.

2025లో విభూది బుధవారం మార్చి 5న వచ్చింది. పోయినేడు మట్టల ఆదివారం నాడు ఇంటికి తీసుకుపోయి చూరులో దోపిన ఆకుల్నే మళ్లీ గుడికి తెచ్చి కాల్చి, ఆ బూడిదనే నుదుట పెడతారు. మనం మట్టి, మళ్లీ మట్టిలోనే కలుస్తాం అని గుర్తు చేయడానికి. పిలకాయలు మాత్రం ఒకరి నుదురు ఒకరు చూసుకుని ఒకటే నవ్వు. అక్కడి నుంచి ఈస్టర్ దాకా, ఆదివారాలు తీసేస్తే, 40 రోజులు తపస్సు కాలం. ప్రార్థన, ఉపవాసం, దానధర్మం, ఈ మూడూ చేయాలి.

నేను ఉత్సాహంగా ఒక్కొక్కరికి ఒక అట్టముక్క ఇచ్చినా. దానిమీద 40 గళ్లు గీసినా. ఉపవాసం ఉన్న రోజు గడిలో సిలువ గుర్తు పెట్టాలి, ఎక్కువ గుర్తులు ఉన్నవాళ్లకి ఈస్టర్ నాడు బహుమతి అని చెప్పినా. నాకు చిన్నప్పుడు అట్లనే నేర్పినారు. తప్పేముంది అనుకున్నా.

మూడో శుక్రవారం సాయంత్రం సిలువ మార్గం చేస్తున్నాం. కాలనీ వీధుల్లో 14 స్థలాలు. ఐదో స్థలం కాడికి వచ్చేసరికి నాలుగో తరగతి పాప ఒకామె నడుస్తా నడుస్తా కింద కూర్చుండిపోయింది. చేతులు చల్లబడిపోయినాయి. ఎవరో నీళ్లు తాపినారు. ఏం తిన్నావమ్మా అని అడిగితే చెప్పింది.

"పొద్దున టీ తాగినా. బళ్లో అన్నం వద్దన్నా. గుడ్డు తమ్ముడికి ఇచ్చేసినా. నువ్వే గదన్నా శుక్రవారం ఉపవాసం ఉండమన్నావు."

అప్పుడు ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. బడి విడిచేటప్పుడు పెట్టే ఆ అన్నమూ గుడ్డే ఆ పాపకు రోజు మొత్తంలో కడుపు నిండేది. వాళ్లమ్మా నాయనా అడ్వాన్స్ తీసుకుని గుంటల కాడ కాపలాకి పోయినారు. పిల్లలిద్దరూ అవ్వ దగ్గర ఉంటారు. నాకు ఇవన్నీ తెలుసు. తెలిసి కూడా ఆ అట్టముక్క ఇచ్చినా.

ఆ రాత్రి మా అమ్మ గిన్నెలో అన్నం, కూర పెట్టిస్తే తీసుకుపోయినా. అవ్వ గిన్నె తీసుకుంది. కోప్పడలేదు. మెల్లగా అనింది.

"అబ్బయ్యా, పస్తుండేది మాకు నువ్వు నేర్పాల్నా? మా అమ్మ నేర్పింది, మా అత్త నేర్పింది, గుంటల కాడ ఆసామి నేర్పినాడు. పిల్లకి అన్నం తినేది నేర్పు నాయనా."

నాకు ఏం మాట్లాడాల్నో తెలియలేదు. ఇంటికొచ్చినాక కూడా నిద్ర పట్టలేదు.

మన భాషలోనే రెండు మాటలు ఉన్నాయి గదా. ఇంట్లో ఉండి కూడా తినకపోతే ఉపవాసం. లేక తినకపోతే పస్తు. ఉపవాసం మనం ఎంచుకునేది. పస్తు మన మీద పడేది. ఆ రెంటికీ ఒకే గడిలో ఒకే గుర్తు పెట్టించినా నేను.

తర్వాత ఫాదర్ వచ్చినప్పుడు జరిగింది మొత్తం చెప్పినా. శ్రీసభ చట్టం ఏం చెప్తుందో ఆయన వివరంగా చెప్పినారు. ఉపవాసం 18 ఏళ్లు నిండినవాళ్లకి, అదీ 60వ ఏడు మొదలయ్యేదాకా మాత్రమే. తప్పనిసరిగా ఉండాల్సిన ఉపవాసం రోజులు రెండే, విభూది బుధవారం, శుభ శుక్రవారం. మాంసం మానేది 14 ఏళ్లు నిండినవాళ్లకి. చిన్నపిల్లలకి ఆ నియమమే లేదు. కాకపోతే ప్రాయశ్చిత్తం అంటే అసలు అర్థం ఏందో వాళ్లకి నేర్పమని అదే చట్టం పెద్దవాళ్లకి చెప్తుంది. నేను నియమం లేనిచోట నియమం పెట్టి, నేర్పాల్సింది మాత్రం నేర్పలేదు.

ఇంకోటి కూడా గుర్తు చేసినారు. విభూది బుధవారం తర్వాత వచ్చే శుక్రవారం పూజలో యెషయా ప్రవక్త గ్రంథం 58వ అధ్యాయం చదువుతారు. తల వంచుకుని బూడిదలో కూర్చోవడం కాదు, కట్లు విప్పడం, ఆకలిగొన్నవాడికి నీ అన్నంలో భాగం పెట్టడం, అదీ దేవుడు కోరే ఉపవాసం అని దాని సారం. వెట్టిచాకిరీ రద్దు చట్టం మన దేశంలో 1976లో వచ్చింది. అడ్వాన్స్ అనే కట్టు మన కాలనీల్లో ఎంతమంది కాళ్లకి ఇంకా ఉందో మీకు చెప్పాల్సిన పనిలేదు.

తర్వాతి ఆదివారం పిలకాయల ముందు ఒప్పుకున్నా. "నేను తప్పు చెప్పినా, బళ్లో అన్నం ఎవరూ మానొద్దు" అన్నా. అట్టముక్కలు తిప్పి వెనకవైపు కొత్తగా గీయించినా. బహుమతి తీసేసినా. ఈసారి గుర్తు దేనికంటే, బూతుమాట నోటిదాకా వచ్చి ఆగితే ఒకటి. బడి మానేసిన జతగాడిని పిలుచుకుని పోతే ఒకటి. అవ్వకో తాతకో నీళ్లు మోసిపెడితే ఒకటి.

ఆరోజే ఐదో స్థలం గురించి మళ్లీ చెప్పినా. కురేనియ సీమోను పొలం నుంచి వస్తుంటే సైనికులు పట్టుకుని బలవంతంగా యేసు సిలువ మోయించినారు. ఒక పిలగాడు చెయ్యెత్తి, "ఆయనకి కూలి ఇచ్చినారా అన్నా?" అన్నాడు.

ఇన్నేళ్లుగా వింటున్నా, నాకు ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు. గుంటల కాడ పెరిగిన పిల్లోడికి వచ్చింది. కూలి ఇచ్చినట్టు ఎక్కడా రాయలేదురా అన్నా. అయితే మార్కు సువార్తలో ఆయన కొడుకుల పేర్లు కూడా ఉన్నాయి, అలెగ్జాండరు, రూఫు. వెట్టిమూట మోసినాయన పేరు, ఆయన పిల్లల పేర్లు రాసిపెట్టినారు, మోయించినవాళ్ల పేర్లు లేవు. పిలకాయలు కాసేపు గమ్మునుండిపోయినారు.

ఏప్రిల్ 17, పవిత్ర గురువారం. ఆ పూజలో ఫాదర్ పన్నెండుమంది పాదాలు కడుగుతారు. ముందు మగవాళ్లకే కడిగేవాళ్లు. 2016 జనవరిలో పోప్ ఫ్రాన్సిస్ గారు మార్పు చేసినాక ఆడవాళ్లకి, ఆడపిల్లలకి కూడా కడగొచ్చు. మా పాపని కూడా కూర్చోబెట్టినాం. కాలవలో ఎండ్రకాయలు పట్టే కాళ్లు, గుల్లలు కోసిన గీతలు ఉన్నాయి. పాప కాళ్లు వెనక్కి లాక్కుంది. ఫాదర్ కింద కూర్చుని తొందరపడకుండా ఆగినారు. తర్వాత తనే ముందుకు పెట్టింది.

అవ్వ వెనక గోడ కాడ నిలబడి చూస్తా ఉండింది. పూజ అయినాక మనవరాలిని దగ్గరకి తీసుకుని ఒకటే అడిగింది, "నీళ్లు చల్లగా ఉన్నాయా, వెచ్చగా ఉన్నాయా?" అని.

"వెచ్చగా ఉన్నాయి అవ్వా" అనింది పాప.

ఇదంతా చెప్పి, మా కాలనీలో అన్నీ మారిపోయినాయి అనను. బడి మానేసి గుంటల కాడికి పోయిన పిలకాయలు ఇద్దరుంటే ఒకడు తిరిగొచ్చినాడు, ఇంకొకడు రాలేదు. పాప వాళ్లమ్మా నాయన అడ్వాన్స్ ఇంకా తీరలేదు.

మీరు గుడిలో చెప్పినా, బళ్లో చెప్పినా, చెట్టు కింద చెప్పినా, "త్యాగం చేయండి" అని మన పిలకాయలకి చెప్పేముందు ఒక్కసారి ఆ రోజు ఏం తిన్నారో అడగండి. నేను ఇప్పుడు ప్రతి ఆదివారం ప్రార్థన మొదలుపెట్టేముందు అదే అడుగుతున్నా.