మెడికల్‌లో ఏం చెప్పాలె?

మా కర్దనూర్‌లో ఇప్పుడు వీసా మాట లేని ఇల్లు తక్కువ. పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీలలో షిఫ్టులు చేసి పిల్లల్ని చదివించుకున్న వాళ్లం. ఆ పిల్లలు అమెరికా, కెనడా పోయారు. వాళ్ల వెనక పెళ్లి చేసుకున్న కోడళ్లు, అల్లుళ్లు పోతున్నారు. స్లాట్ దొరికిందా, ఇంటర్వ్యూ ఎప్పుడు, చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు అయినయా, నూట ఎనిమిది మొక్కు ఎప్పుడు తీరుస్తారు... ఇవన్నీ కూరగాయల బండి దగ్గర నిలబడి గట్టిగానే మాట్లాడుకుంటాం. ఒక్క విషయం మాత్రం గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి అడుగుతాం. "ఇదివరకు మనసు బాగాలేక గోళీలు మింగింది, వీసాకు ఏమన్నా అయితదా?"

ఈ ప్రశ్న మా ఇంటికీ వచ్చింది. మా అక్క కూతురు, పేరెందుకులెండి, చిన్ని అనుకుందాం. వాళ్లది జోగిపేట వైపు. అల్లుడు చిన్నప్పుడే అమ్మానాన్నలతో అమెరికా పోయి అక్కడి పౌరుడయ్యాడు. పెళ్లయ్యాక ఐ-130 పిటిషన్ వేశాడు. అది మంజూరై, డీఎస్-260 ఫారం నింపే రోజు దగ్గరికొచ్చింది. మెడికల్ హైదరాబాద్‌లో కాబట్టి మా ఇల్లు దగ్గరని చిన్నిని నా దగ్గరికి పంపింది అక్క. రెండో రోజు రాత్రి ఫోన్ చేసి, "చెల్లె, ఆ హాస్టల్ సంగతి ఎక్కడా రాయనీయకు" అన్నది.

హాస్టల్ సంగతి ఏమిటంటే, ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చిన్నికి నిద్ర పోయింది, తిండి పోయింది, ఒక రాత్రి చేతికందిన మాత్రలన్నీ మింగింది. పక్క మంచం పిల్ల చూసింది కాబట్టి దక్కింది. మూడు రోజులు ఆస్పత్రి, తరువాత రెండేళ్లు సైకియాట్రిస్టు దగ్గర వైద్యం. మెల్లగా డోసు తగ్గించి, డాక్టరే మందులు ఆపేశాడు. ఆ తరువాత ఉద్యోగం చేసింది, పెళ్లి చేసుకుంది. ఇంట్లో ఆ సంగతికి "జ్వరం వచ్చినప్పుడు" అని పేరు పెట్టారు.

అక్క తప్పు అననండి. మన దగ్గర 'ఎర్రగడ్డ' అనే ఊరి పేరే తిట్టయిపోయింది. పిచ్చాసుపత్రి అక్కడుందని, ఎవరన్నా కాస్త కోపంగా మాట్లాడితే చాలు "ఎర్రగడ్డకు పంపాలె" అంటాం. అట్లాంటి చోట ఆడపిల్ల తల్లి దాచుకోక ఏం చేస్తుంది? పైగా నగరంలో ఒక కన్సల్టెన్సీ అతను డబ్బు తీసుకుని మరీ సలహా ఇచ్చాడు. "అన్నిటికీ నో అని కొట్టేయండి, వాళ్లకేం తెలుస్తది?"

నేను చిన్నిని కూర్చోబెట్టి అడిగాను. "అల్లుడికి తెలుసునా?"

"నిశ్చితార్థానికి ముందే చెప్పిన చిన్నమ్మా. ఆయనకు చెప్పినట్టు అమ్మకే చెప్పలేదు."

నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. తల్లి ఎవరి దగ్గర దాచాలని ఇన్నేళ్లు భయపడిందో ఆ మనిషికి ముందే తెలుసు! ఆ రాత్రే అల్లుడు తన లాయరుతో వీడియో కాల్ పెట్టించాడు. అక్కను కూడా ఫోన్‌లో కలిపాం. ఆమె చెప్పింది, తరువాత మేము చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మీలో ఎందరికో అక్కరకు వస్తుంది.

అమెరికా చట్టం ఒకప్పుడు నిజంగానే మొరటుగా ఉండేది. 1882 నాటి చట్టంలో పిచ్చివాళ్లు, బుద్ధి తక్కువ వాళ్లు దిగకూడదని రాసుకున్నారు. 1990లో దాన్ని మార్చారు. ఇప్పుడు జబ్బు పేరు ఒక్కటే కారణం కాదు. ఆ జబ్బు వల్ల తనకో, ఎదుటివాళ్లకో, ఆస్తికో ప్రమాదం తెచ్చే ప్రవర్తన ఇప్పుడు ఉందా, లేక ఇదివరకు ఉండి మళ్లీ వచ్చే అవకాశం ఉందా అని చూస్తారు. ఉందని డాక్టరు నిర్ణయిస్తే 'క్లాస్ ఏ' అని రాస్తారు, వీసా ఆగుతుంది. జబ్బు ఉంది కానీ అట్లాంటి ప్రమాదం లేదంటే 'క్లాస్ బీ'. అది కాగితం మీద నమోదవుతుంది గానీ, ఆరోగ్యం పేరుతో వీసా ఆపే కారణం కాదు. డిప్రెషన్‌కు మందులు వాడుతున్నంత మాత్రాన, కాన్పు తరువాత దిగులుకు వైద్యం చేయించుకున్నంత మాత్రాన తలుపు మూసుకుపోదు.

చిన్ని సంగతిలో అసలు చిక్కు డిప్రెషన్ కాదు, మాత్రలు మింగడం. తనకు తాను హాని చేసుకోవడం కూడా ఆ 'ప్రమాదకర ప్రవర్తన' లెక్కలోకే వస్తుంది. అందుకే ఎప్పుడు జరిగింది, ఎందుకు జరిగింది, వైద్యం పూర్తయిందా, మళ్లీ అట్లా జరిగిందా అని వివరంగా చూస్తారు. ఒకవేళ క్లాస్ ఏ వచ్చినా మానసిక జబ్బు విషయంలో ఐ-601 అని మినహాయింపు దరఖాస్తు ఉంది. అది ఆలస్యం, ఖర్చు, కానీ దారి.

"మరి దాస్తే?" అని అక్క ఫోన్‌లోనే అడిగింది. లాయరు సూటిగా చెప్పింది. జబ్బు చెబితే తరువాత ఒక పరీక్ష ఉంటుంది, ఒక వివరణ ఉంటుంది. అబద్ధం చెప్పి దొరికితే అది మోసం సెక్షన్ కిందికి పోతుంది. జీవితాంతం వెంటాడుతుంది, దాన్ని తీసేయించుకోవడానికి వేరే మినహాయింపు అడుక్కోవాలి. జబ్బు కంటే అబద్ధమే పెద్ద రోగమన్నమాట. అక్క చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "సరే, బిడ్డ ఇష్టం" అన్నది.

ఇక కాగితాల వేట. పాత ఆస్పత్రికి పోతే ముందు "అంత పాతవి ఇవ్వం" అన్నారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో 25వ సెక్షన్ ప్రకారం తన వైద్య రికార్డు చూసుకునే హక్కు రోగికి ఉంది. చిన్ని తానే దరఖాస్తు రాసి, ఆ సెక్షన్ నంబరు వేసి ఇచ్చింది. నాలుగు రోజుల్లో డిశ్చార్జ్ సమ్మరీ చేతికొచ్చింది. అదే చట్టంలో ఇంకో రెండు సంగతులు మనందరం తెలుసుకోవాలి. 23వ సెక్షన్ ప్రకారం రోగి సంగతులు డాక్టర్లు గోప్యంగా ఉంచాలి. 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలి, వేరేగా రుజువైతే తప్ప శిక్షించకూడదు. పోలీసు కేసు భయంతో ఆస్పత్రికి తీసుకుపోని ఇళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి చెబుతున్నాను.

వైద్యం చేసిన సైకియాట్రిస్టు దగ్గర ఒక ఉత్తరం తీసుకున్నాం. అందులో ఏముండాలో గుర్తు పెట్టుకోండి: జబ్బు పేరు, మొదలైన తేదీ, వాడిన మందులు, డోసు, ఆపిన తేదీ, హాని చేసుకున్న సంఘటన ఎన్నిసార్లు, చివరిసారి ఎప్పుడు, ఇప్పుడెలా ఉంది, మళ్లీ వచ్చే అవకాశం గురించి డాక్టరు అభిప్రాయం. "ఆరోగ్యంగా ఉంది" అని ఒక్క ముక్క రాయించుకొస్తే సరిపోదు.

మెడికల్ రోజు నేనూ వెంట పోయాను. ఎక్స్-రే, రక్తం, టీకాలు, అన్నీ మామూలే. డాక్టరు గదిలోకి మాత్రం చిన్ని ఒక్కతే. బయటికొచ్చి, "ఫైల్ మొత్తం చదివిండు చిన్నమ్మా. ఇంకో స్పెషలిస్టు దగ్గరికి పొమ్మన్నడు" అన్నది. అట్లా పంపడం ఆ పరీక్షలో మామూలు పద్ధతే. ఏడు వారాలు ఆలస్యమైంది. ఆ ఏడు వారాలూ మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. తరువాత ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. మన దేశంలో ఇమ్మిగ్రెంట్ వీసాలకు అక్కడికే పోవాలి. పెళ్లి గురించి నాలుగు ప్రశ్నలు, వైద్యం గురించి ఒక్కటి. వీసా వచ్చింది.

అందరికీ ఇట్లాగే అవుతుందని నేను చెప్పలేను. మత్తు సంగతి మాత్రం ఇంకో దారి, దాన్ని కలిపేయకండి.

మా వీధిలోనే ఒక అబ్బాయి ఉన్నాడు. భార్య న్యూజెర్సీలో హెచ్-1బీ మీద ఉద్యోగం చేస్తోంది, ఇతను హెచ్-4 మీద పోవాలి. కాలేజీ రోజుల్లో గంజాయి అలవాటై, పెళ్లయ్యాక కూడా వదలక, చివరికి డీ-అడిక్షన్ సెంటర్‌లో ఉండి వచ్చాడు. వాళ్లమ్మ నాతో, "మొగపిల్లగాడు, తెలిసీ తెలియని వయసు వదినా, అదేమంత పెద్ద సంగతి" అన్నది. చిన్ని సంగతికి ఏడేళ్లు తలుపులు మూసుకున్నాం, ఈ సంగతికి ఏడు నిమిషాల్లో క్షమాపణ దొరికింది. చట్టం మాత్రం తిరగేసి చూస్తుంది. దిగులుకు ఉన్నంత దయ మత్తుకు లేదు.

హెచ్-4కు మామూలుగా మెడికల్ ఉండదు. కానీ డీఎస్-160 ఫారంలోనే ప్రశ్న ఉంటుంది, మీరు ఇప్పుడు గానీ ఇంతకు ముందు గానీ మాదకద్రవ్యాలకు బానిసలా అని. అనుమానం వస్తే కాన్సులేట్ వాళ్లు డాక్టరు దగ్గరికి పంపవచ్చు. అలవాటు జబ్బు స్థాయిలో ఉందని తేలితే క్లాస్ ఏ. అది పోవాలంటే కనీసం 12 నెలలు పూర్తిగా మానేసి ఉండాలి. చిన్నిలా ఇమ్మిగ్రెంట్ వీసా మీద పోయేవాళ్లకు ఇందులో మినహాయింపు కూడా లేదు, ఆ ఏడాది గడిచాక మళ్లీ పరీక్షకు రావాల్సిందే. ఇంకో ముడి ఉంది. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి తాగడమే నేరం. కేసు లేకపోయినా, శిక్ష పడకపోయినా, నేరం చేశానని ఒప్పుకున్నట్టయితే అది వేరే సెక్షన్ కింద అడ్డం పడవచ్చు. అందుకే ఇట్లాంటి గతం ఉన్నవాళ్లు అబద్ధం ఆడకూడదు, అట్లాగని ఏమీ తెలియకుండా గదిలోకీ పోకూడదు. ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒక గంట మాట్లాడాలి.

ఆ అబ్బాయి భార్య ఫోన్‌లో ఒకటే మాట చెప్పిందట. "ఏడాది ఆగుతాను. శుభ్రంగా రా." అతను ప్రతి నెలా డాక్టరు దగ్గరికి పోయి రాయించుకుంటున్నాడు. ఆగేది ఆడపిల్లే అన్నది నాకు కొత్తగా అనిపించలేదు. కానీ షరతు పెట్టి ఆగడం కొత్త. అది నాకు నచ్చింది.

మత్తు అంటే గంజాయి ఒక్కటే అనుకోకండి. మన తెలంగాణ ఊళ్లలో కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ కలుపుతారని అందరికీ తెలుసు. 2015లో నిజామాబాద్ వైపు కల్తీ కల్లు ఆపితే, అది లేక జనం వణుకుతూ ఆస్పత్రుల్లో చేరారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి ప్రాణాలే పోయాయి. ఆ అల్ప్రాజోలమే మనలో చాలామంది 'నిద్ర గోళి' అని మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనుక్కునేది. డాక్టరు రాసిచ్చినది, రాసినంతే వాడితే వైద్యం. చీటీ లేకుండా ఏళ్ల తరబడి మింగితే పరీక్షలో దాని పేరు వేరు. వాడేవాళ్లు ఒక్కసారిగా కూడా ఆపకండి, ప్రమాదం. డాక్టరు చేతిలోనే తగ్గించుకోవాలి.

వేరే దేశాల సంగతి కూడా రెండు ముక్కలు. కెనడా వైద్య ఖర్చు ఎక్కువవుతుందన్న కారణంతో భార్యాభర్తలను ఆపదు. ఇంగ్లండ్ మన దేశం నుంచి పోయే జీవిత భాగస్వామికి టీబీ సర్టిఫికెట్ అడుగుతుంది. ఆస్ట్రేలియా ఖర్చు లెక్కేస్తుంది గానీ, భాగస్వామి వీసాలో మినహాయింపుకు అవకాశం ఇస్తుంది. కాబట్టి పక్కింటి వాళ్లకు టొరంటోలో జరిగింది మీకు డల్లాస్‌లో జరగాలని లేదు.

వీసా ఒక్కటే లెక్క కాదు కదా. నేను అక్కకు చెప్పింది అదే. అక్కడ చలికాలంలో నాలుగు గంటలకే చీకటి పడుతుందట. కొత్త కాపురం, పలకరించే మనిషి ఉండదు, ఉద్యోగం వెంటనే రాదు. రేపు చిన్నికి మళ్లీ నిద్ర పోతే, ఫారంలో 'లేదు' అని రాసిన పిల్ల అక్కడి డాక్టరుకు 'ఉంది' అని ఎట్లా చెబుతుంది? మొగుడికి ఎట్లా చెబుతుంది? ఒక అబద్ధం పిల్లకు వైద్యం దారి మూసేస్తుంది. మనం ఇక్కడ ఫోన్ పట్టుకుని ఏడవడం తప్ప ఏం చేయగలం?

మీ ఇంట్లో ఇట్లాంటి పిల్ల ఉంటే, పెళ్లికి ముందే కాబోయేవాడికి ఆమె నోటితోనే చెప్పనివ్వండి. కాగితాలు చింపేయకండి, పెళ్లి చీరల పక్కనే భద్రంగా పెట్టండి. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిదే, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

చిన్ని పోయి నాలుగు నెలలైంది. మొన్న వీడియో కాల్‌లో, "చిన్నమ్మా, ఇక్కడ డాక్టర్‌కు నా ఫైల్ చూపించిన. ఊరికే, ముందు జాగ్రత్తకు" అన్నది. పక్కనే అక్క ఉంది. "ఏ ఫైల్?" అనలేదు. "మంచిపని చేసినవ్ బిడ్డా. అన్నం తిన్నవా?" అని అడిగింది.