ఎర్రజెండా ఊపని రోజు

అమ్మ మెడకు కుడివైపున ఓ చిన్న మచ్చ ఉంటుంది. చింతగింజంత కూడా ఉండదు. మా నడికుడిలో ఇరుగుపొరుగు అడిగితే 'గొట్టం వేశార్లే' అని కొంగు సర్దుకుంటుంది. ఆ మచ్చను చూసినప్పుడల్లా నాకు మాత్రం ఓ కాగితం గుర్తుకొస్తుంది. నేను చదవకుండా సంతకం చేసిన కాగితం!

మూడేళ్ల కిందటి మాట. వేసవి. అమ్మకు షుగర్. కాలి బొటనవేలికి చిన్న పుండు పడితే 'అదే మానుతుందిలే' అని పసుపు రాసుకుంటూ కూర్చుంది. నాలుగో రోజుకు ఒళ్లు కాలిపోయే జ్వరం, అయిదో రోజుకు మాట తడబాటు. దాచేపల్లిలో చూపిస్తే బీపీ అందడం లేదన్నారు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, సత్తెనపల్లి దాటుకుంటూ గుంటూరులోని ఓ ప్రైవేటు ఆసుపత్రికి చేరేసరికి రాత్రి పదకొండు. పుండులోని సూక్ష్మక్రిములు రక్తంలోకి ఎక్కాయని, బీపీ నిలబెట్టే మందు వెంటనే ఎక్కించాలని చెప్పారు.

'సెంట్రల్ లైన్ వేయాలి. సంతకం పెట్టండి' అంది ఓ డాక్టరమ్మ. పాతికేళ్లుంటాయేమో.

లైను అనగానే నాన్న తలెత్తాడు. గేట్‌మ్యాన్‌గా రైల్వేలో ముప్ఫై ఏళ్లకు పైగా ఆ మాటతోనే బతికిన మనిషి. 'లైనేందిరా?' అన్నాడు. నాకూ తెలీదు. కిరాణా కొట్టు పొట్లం కాగితాన్ని కూడా వదలకుండా చదివే అలవాటు నాది. ఆ రాత్రి మాత్రం నాలుగు పేజీల కాగితం అడుగున వేలు పెట్టి చూపించినచోట సంతకం గీకేశాను.

తర్వాత తెలుసుకున్నాను. బీపీ నిలబెట్టే నార్‌ఎడ్రినలిన్‌లాంటి ఘాటైన మందుల్ని చేతి నరం గుండా ఎక్కువసేపు ఎక్కిస్తే, నరం బయటికి కారి చుట్టూ ఉన్న కండ దెబ్బతినొచ్చు. అందుకే మెడలోనో, కాలరెముక కిందో, తొడ మొదట్లోనో ఉండే పెద్ద సిరలోకి సన్నటి గొట్టం పంపుతారు. మెడలోంచి వేస్తే దాని కొన దాదాపు గుండె ముంగిట ఆగుతుంది. సెంట్రల్ వీనస్ కేథెటర్ అంటే అదే. వేసే పద్ధతి స్వీడన్ డాక్టర్ సెల్డింగర్ 1953లో చెప్పింది. ముందు సూది. సూదిలోంచి సన్నటి వైరు. సూది తీసేసి వైరు మీదుగా గొట్టం. చివరికి వైరు బయటికి. వినడానికి ఎంత తేలికో!

కానీ మెడలో ఆ సిర పక్కనే మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని ఉంటుంది. కాస్త కిందికి దిగితే ఊపిరితిత్తి కొస. అమ్మకు మొదటిసారి గుచ్చిన సూది ధమనిలోకే వెళ్లింది. ఎర్రటి రక్తం చిమ్మింది. ఆ డాక్టరమ్మ సూది తీసేసి, పది నిమిషాలపాటు గట్టిగా అదిమి పట్టుకుని, సీనియర్‌ని పిలిచింది. ఆయన అల్ట్రాసౌండ్ యంత్రం తెప్పించి, సిర ఎక్కడుందో తెరమీద చూపిస్తూ ఆమెతోనే వేయించాడు. ఇదంతా మాకు చెప్పింది ఎవరనుకున్నారు? అమ్మే! మొహం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పారు కదా, మగతలో ఉన్నా మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. 'వైరు వదలకు, వైరు వదలకు' అని ఆయన అంటుంటే కరెంటు వైరేమో అనుకుని వణికిపోయిందట. వైరు వేళ్లలోంచి జారితే రక్తనాళంలోకి వెళ్లిపోతుందని, అందుకే దాన్ని క్షణం కూడా వదలకూడదని ఆమెకేం తెలుసు!

గుండె దాకా గొట్టం పంపొచ్చని నిరూపించినవాడూ ఓ కుర్ర డాక్టరే. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డే అనే ఊళ్లో వెర్నర్ ఫోర్స్‌మన్‌కు పైవాళ్లు అనుమతివ్వలేదు. సాయానికి గెర్డా డిట్జెన్ అనే నర్సును ఒప్పించాడు. ప్రయోగం తనమీదేనని ఆమె నమ్మింది. ఆమెను బల్లకు కట్టేసి, తన చేతినే కోసుకుని గొట్టం దూర్చుకున్నాడు! ఆపైన మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచివెళ్లి, 65 సెంటీమీటర్లు లోపలికి నెట్టి ఫొటో తీయించుకున్నాడు. మెచ్చుకున్నవాళ్లకంటే తిట్టినవాళ్లే ఎక్కువ. 1956లో నోబెల్ వచ్చేనాటికి ఆయన ఓ చిన్న పట్టణంలో మూత్రకోశ వైద్యం చేసుకుంటున్నాడు. అందరూ ఫోర్స్‌మన్లు కాలేరు. వేరేవాళ్ల మెడ మీదే నేర్చుకుంటారు. ఆ రాత్రి ఆ మెడ మా అమ్మది.

డాక్టరమ్మ మీద కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆ మందు ఎక్కకపోతే అమ్మ తెల్లారేదాకా ఉండేది కాదు. మూడో రోజుకు బీపీ నిలబడింది. నాలుగో రోజుకు ఇడ్లీ అడిగింది. అయిదో రోజున ఘాటు మందు ఆపేశారు. గొట్టం మాత్రం మెడలోనే ఉంది. ఎందుకుందో మేం అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

ఏడో రోజు సాయంత్రం దుప్పటి కప్పినా ఆగని చలి, వణుకు, మళ్లీ జ్వరం. గొట్టం గుండా ఇన్‌ఫెక్షన్ పాకింది. వెంటనే దాన్ని తీసేసి, మందులు మార్చారు. మరో తొమ్మిది రోజులు ఆసుపత్రిలోనే. గుంటూరు కోల్డ్‌స్టోరేజీలో పెట్టిన మిరప టిక్కీల్ని ధర చూసుకోకుండా అమ్మేశాం.

ఆ రాత్రి వరండాలో నాన్న చెప్పిన మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. 'ఒరే, మొన్న ఒకాయన ఇంజక్షన్ ఇచ్చేటప్పుడు ఆ గొట్టం మూత తీసి మంచం మీద పెట్టాడు. చెయ్యి కూడా కడుక్కోలా. అడుగుదామనుకున్నా. డాక్టర్లు కదా, మనకేం తెలుస్తుందిలే అని ఊరుకున్నా' అన్నాడు. కాసేపాగి, 'రైలైతే ఎర్రజెండా ఊపేవాణ్ణి' అన్నాడు.

నాన్న కొలువు సంగతి కాస్త చెప్పాలి. మాది జంక్షన్. గుంటూరు వైపు నుంచి వచ్చే దారి ఇక్కడే మాచర్లకొకటి, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా పగిడిపల్లికొకటిగా చీలుతుంది. రైలొస్తోందంటే స్టేషన్ మాస్టర్ గేటుకు ఫోన్ చేస్తాడు. గేటు వేశాక నాన్న ఓ ప్రైవేట్ నంబర్ చెబుతాడు. ఇద్దరూ పుస్తకాల్లో రాసుకుంటారు. రోజూ వేసే గేటే, రోజూ వచ్చే రైలే. అయినా రాయాల్సిందే. ఇక పట్టాల మీద ప్రమాదం కనబడితే గేట్‌మ్యాన్ అయినా సరే ఎర్రజెండా పట్టుకుని ఎంత పెద్ద ఎక్స్‌ప్రెస్‌నైనా ఆపొచ్చు. 'నువ్వెవడివిరా ఆపడానికి' అనే డ్రైవరుండడు.

ఆసుపత్రుల్లోనూ ఇలాంటిదే ఒకటి పెట్టొచ్చని అమెరికాలో పీటర్ ప్రొనొవోస్ట్ అనే డాక్టర్ నిరూపించాడు. అయిదే పనులు. చేతులు కడుక్కోవాలి. టోపీ, మాస్కు, గౌను వేసుకుని, రోగికి నిలువెల్లా శుభ్రమైన గుడ్డ కప్పాలి. చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవాలి. వీలైనంతవరకు తొడ దగ్గర గొట్టం వేయకూడదు. అవసరం తీరగానే తీసేయాలి. ఇందులో కొత్తేముంది అనిపిస్తుంది కదూ! కొత్తదల్లా ఒక్కటే... ఏ మెట్టు తప్పినా డాక్టర్ని ఆపే అధికారం నర్సుకిచ్చారు. అంటే ఎర్రజెండా. మిషిగన్ రాష్ట్రంలో నూటికి పైగా ఐసీయూల్లో అమలు చేసి 2006లో లెక్కలు ప్రకటించారు. వెయ్యి కేథెటర్ రోజులకు 2.7గా ఉన్న ఇన్‌ఫెక్షన్ల మధ్యస్థ రేటు మూణ్నెల్లలో సున్నాకు దిగింది. (వందమందికి పదేసి రోజులు గొట్టం ఉంటే వెయ్యి రోజులన్నమాట.) మన దేశంలో ఏడు నగరాల్లోని 12 ఐసీయూల్ని పరిశీలించి 2007లో ప్రకటించిన అధ్యయనంలో ఆ రేటు 7.92. అక్కడి రోగులూ వసతులూ వేరు, పక్కపక్కన పెట్టి పోల్చలేం. అయినా ఆ అంకె చూశాక నాకు నిద్ర పట్టలేదు.

నేర్చుకోవడం మాటేమిటి? అమ్మ మెడే ఎందుకు కావాలి? షికాగోలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో జూనియర్ డాక్టర్ల చేత ముందు బొమ్మ మీద, అల్ట్రాసౌండ్ చూస్తూ సాధన చేయించారు. పరీక్ష పెట్టి, అందులో నెగ్గినవాళ్లనే రోగి దగ్గరికి పంపారు. అంతకుముందు అదే ఐసీయూలో 3.20గా ఉన్న ఇన్‌ఫెక్షన్ల రేటు 0.50కి తగ్గిందని 2009లో ప్రకటించారు. ఆ డాక్టరమ్మకు అలాంటి బొమ్మ ఎవరైనా ఇచ్చారో లేదో! ధమనిలో గుచ్చానని తెలియగానే సీనియర్‌ని పిలవడానికి సిగ్గుపడలేదు. ఇప్పుడాలోచిస్తే, ఆ రాత్రి ఆ గదిలో ఎర్రజెండా ఊపింది ఆమె ఒక్కతే అనిపిస్తుంది. నేనూ నాన్నా ఊపలేదు.

నిరుడు బాబాయిని నరసరావుపేట ఆసుపత్రిలో చేర్పించాం. మూత్రానికి గొట్టం పెట్టారు. నాన్న రోజూ పొద్దున్నే రౌండ్స్‌కు ఎదురెళ్లి నిలబడేవాడు. 'అమ్మా, ఈ గొట్టం ఇంకా అవసరమేనా?' మొదటి రోజు ఆ నర్సు విసుక్కుంది. రెండో రోజు కేసు షీటు తిరగేసింది. మూడో రోజు మధ్యాహ్నానికి తీసేశారు.

అమ్మ ఇప్పుడు బాగానే ఉంది. కాలికి చిన్న గీత పడినా నాకు ఫోన్ చేస్తుంది. మొన్న పండక్కి వెళ్లినప్పుడు గుమ్మంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ ఉన్నట్టుండి అడిగింది.

'ఒరే అబ్బాయ్, ఆ పిల్ల డాక్టరమ్మకు ఇప్పుడు చెయ్యి తిరిగి ఉంటుందంటావా?'