తెరపై నల్లమల

గుంటూరునుండి గిద్దలూరునకు రైలుమీద పోవు సోదరీమణులకు నాదొక మనవి. పగటిబండి ఎక్కుడు. రాత్రి నిదురపోయి తెల్లవాఱుజామున దిగినచో ఈ దారి సొంపు తెలియదు. నరసరావుపేట, వినుకొండ దాటిన పిమ్మట పచ్చని పొలములు పలుచనై, రాతిగుట్టలును తుమ్మచెట్లును ముందుకు వచ్చును. కురిచేడు, దొనకొండ గడచి మార్కాపురము రోడ్డు చేరువఱకు ఎండ మొగమున కొట్టుచునే యుండును. స్టేషను పేరులో “రోడ్డు” అని యున్నచో ఊరింకను దూరముగ నున్నదని యర్థము. ఈ సంగతి తెలియక చిన్ననాట నేను బండి దిగగానే చెన్నకేశవస్వామి గాలిగోపురము కొఱకు నలుదిక్కులు చూచి, అమ్మచేత నవ్వించుకొంటిని.

మనమందఱము ఓనమాలు దిద్దిన నల్లపలకలలో అనేకములు ఈ మార్కాపురపు గనులలోని రాతివే. బడిపలకకు నేడు గిరాకి తగ్గినను, ఆ రాయి ఇండ్లకు పఱచుటకును గోడలకు తాపుటకును పైదేశములకు పోవుచున్నది. అటుపిమ్మట తర్లుపాడు, కంబము. తీరిక గలవారు కంబములో దిగి చెఱువు చూడవలయును. గుండ్లకమ్మ యేటికి కొండల సందున అడ్డుకట్ట వేసి, విజయనగర ప్రభువుల కాలమున వరదరాజమ్మ యను రాణి దానిని కట్టించెనని ప్రసిద్ధి. అంత నీటిని నిలిపిన ఆడుదానిపేరు మన పిల్లలలో ఎందఱికి తెలియునో!

గిద్దలూరు దాటి దిగువమెట్ట రాగానే నల్లమల యెదురగును. ఇచ్చటినుండి గాజులపల్లెవఱకు అడవియే. టేకు, వెదురు, నల్లమద్ది. 1876-78 సంవత్సరముల ఘోరక్షామము తరువాత, అట్టి కష్టము మరల వచ్చినచో ధాన్యము చేరవేయుటకని తలపెట్టిన మార్గములలో ఇదియు నొకటి. 1890 ప్రాంతమునకు సదరన్ మరాఠా రైల్వేవారి బండ్లు ఈ కొండలగుండ నడచుచుండెను. పట్టాల నడిమి వెడల్పు అప్పుడు ఒక్క మీటరు. మరాఠీ భాషలో సొరంగమును బోగదా యందురు. ఈ కొండలోని సొరంగమునకును బొగద యనియే పేరు. అడవిలో ఒక లోతైన లోయపై ఉక్కుకాళ్లతో నిలిచినది దొరబావి వంతెన. దానిమీద బండి మెల్లగా పోవుచుండగా పిల్లలము కిటికీ చువ్వలు గట్టిగా పట్టుకొని, ఒక్కమాఱు క్రిందికి చూచి, వెంటనే కండ్లు మూసికొనెడివారము. 1990ల దశకములో పెద్దపట్టాలు వేసినప్పుడు దారి మార్చిరి. వంతెన విడువబడెను.

మొన్న నేను పుట్టింటికి పోయినది మా అన్నకొడుకును చూచుటకు. అతడు కెనడాలోని కాల్గరీ నగరమున ఇంజనీరు. నెలదినముల సెలవుమీద తల్లియొద్దకు వచ్చెను. కంప్యూటరు తెరపై రైలు నడుపు ఆట యొకటి గలదు. 2001లో మైక్రోసాఫ్టువారు విడుదలచేసిన దానితో ఈ సరదా చాలమందికి అంటుకొన్నది. నేడు ఓపెన్ రైల్స్ అను ఉచితమైన పరికరముతో ఎవరికివారు తమకు నచ్చిన దారిని నిర్మించుకొనుచున్నారు. దీనిని ఆట యనుటకు నాకు మన సొప్పలేదు. బొమ్మలకొలువు పెట్టిన యిల్లాలికి ఇది వెంటనే బోధపడును. ఇటుకలపై మట్టి మెత్తి కొండ చేయుదుము, అద్దపుముక్కతో చెఱువు చేయుదుము, ఆవమొలకలతో పొలము పెంచుదుము. వాడును అదియే చేయుచున్నాడు. వాని కొండలు మాత్రము నిజమైనవి. 2000 ఫిబ్రవరిలో ఎండీవరు అను అంతరిక్షనౌక పదునొకండు దినములు భూమిని చుట్టి రాడారుతో కొలిచిన ఎత్తులను తెచ్చి, వానినే తెరపై కొండలుగ పోసినాడు. ఆపై పట్టాలను ముక్కముక్కగ పఱచుట, వాలు సరిచూచుట, చెట్లు నాటుట.

మొదట వాడు కట్టినది కెనడా దారి. కికింగ్ హార్స్ కనుమలో పట్టాల వాలు ఒకప్పుడు నూటికి నాలుగున్నర యడుగులట. 1884లో అచ్చట దిగిన మొట్టమొదటి బండియే అదుపుతప్పి ముగ్గురు మరణించిరి. 1909లో కొండలో చుట్టుదిరిగిన రెండు సొరంగములు త్రవ్వి, ఆ వాలును సగమునకు తగ్గించిరి. పొడవైన బండి పోవునప్పుడు ఇంజను పైసొరంగమునుండి వెలువడుచుండ, తోక ఇంకను క్రిందిదారిలోనే యుండును! తన తోకను తానే చూచుకొను ఈ పామును చూచి నేను చిన్నపిల్లవలె చప్పట్లు కొట్టితిని. 1909లోనే కట్టిన లెత్‌బ్రిడ్జి వంతెనయు చూపినాడు. 314 అడుగుల ఎత్తు, మైలు పొడవు.

“ఇది కట్టేటప్పుడే దొరబావి మనసులో పడింది అత్తయ్యా” అన్నాడు.

నల్లమల దారికి మీటరు వెడల్పు పట్టా కావలెను. ఇంజనుకొఱకు వెదకగా, మన మీటరుదారులపై తిరిగిన డీజిలు ఇంజనులలో వైడీఎం-4ఏ అను రకము 1960లలో కెనడాలోని మాంట్రియాలు కర్మాగారమునుండియే వచ్చినదని తెలిసినదట. వాని మొగము వెలిగిపోయెను. తానున్న దేశపు ఇంజనుతో తన యూరి దారిపై బండి నడుపుచున్నాడు. ఎండీవరు కొలుచునాటికే పాతదారి మూతపడినందున, వంతెనను పాత పటములనుబట్టియు, తన జ్ఞాపకమునుబట్టియు కట్టినాడు.

ఇంతవఱకు మా వదిన తెరవంక చూడనేలేదు. వసారాలో కూర్చుండి చింతపండు గింజలు తీయుచుండెను.

“అమ్మా, ఒకసారి రా. దిగువమెట్ట చూపిస్తా.”

“నేను చూడని దిగువమెట్టనా?”

ఆమె బెట్టునకు కారణము నే నెఱుగుదును. మా అన్నగారు ఆ దారిలో కీమానుగ నుండిరి. భుజమున సుత్తి, రెంచి పెట్టుకొని ప్రతిదినము పట్టాలవెంట నడచి, సడలిన బిగింపులను బిగించుట ఆయన పని. వానయైనను, మృగములున్నను నడువవలసినదే. రైల్వే క్వార్టర్సులో చంటిబిడ్డ నెత్తుకొని, బండి కూత వినబడినప్పుడెల్ల ఆయన ఆ వేళకు వంతెనమీద నుండకుండుగాక యని ఆమె ఎన్ని యేండ్లు మ్రొక్కుకొన్నదో! దారి మాఱినప్పుడు ఊరంతయు పాతవంతెన పోయెనని చింతించగా, వదిన కొబ్బరికాయ కొట్టినది.

తెరపై ఇంజను కూత కూసెను. వదిన చేతిలోని చింతపండు అట్లే నిలిచిపోయెను. లేచివచ్చి కొడుకు వెనుక నిలుచున్నది.

“ఇంజన్లోంచి చూసేది మాకేం తెలుసురా? మీ నాయన నడిచిందే గదా మాకు తెలిసింది.”

వాడు మాఱుమాటాడక, చూపును మనిషి కంటి యెత్తునకు దింపి వంతెనమీద అడుగడుగుగ ముందుకు నడిపించెను. ఇరుప్రక్కల లోయ. దూలముల సందులనుండి క్రింద చెట్లతలలు. ముగ్గురమును ఊపిరి బిగబట్టితిమి. నడిమికి వచ్చుసరికి వదిన అడిగినది:

“రైలొస్తే మనిషి యాడ నిలబడేదిరా?”

వాడు చేయి తీసివేసినాడు. పెద్దవంతెనలపై ప్రక్కకు తొలగి నిలుచుటకు అక్కడక్కడ కమ్మీలుగల చిన్న అరుగులుండును. కుఱ్ఱవాడు ఉక్కుకాళ్లు, దూలములు, తుప్పురంగు కూడ సరిపోల్చి కట్టెనుగాని, వాని నెచ్చటను పెట్టలేదు.

“మరిచిపోయినా అమ్మా. రేపు పెడతా.”

“రేపేంది? ఇప్పుడే పెట్టు.”

వాడు పెట్టుటకు మొదలిడెను. వదిన కుర్చీ దగ్గఱకు లాగుకొని కూర్చుండెను. ఒకటి, రెండు, మూడు. ప్రతిదానిని వ్రేలితో తాకి చూచి, నాలుగవదానికడ ఆపినది.

“ఇంత ఎడమైతే కాదు. సుత్తి మోసుకొని అంతదూరం పరిగెత్తలేడు. నడాన ఇంకొకటి పెట్టు.”

ఇంకొకటి పెట్టినాడు. పొయ్యిమీది అన్నము చల్లారిపోయెను. వారిద్దఱును లేచునట్లు కానరాలేదు. మరల వేడిచేయుటకు నేనే వంటయింటిలోనికి పోతిని.