విప్పితే గేర్‌బాక్సు, రాస్తే రెండు పట్టికలు

హైదరాబాద్‌లో బాలానగర్ అంటే హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ విభాగం, 1968లో పెట్టిన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ గుర్తొస్తాయి. వాటి చుట్టుపక్కల సందుల్లో మాత్రం చిన్న షెడ్లదే రాజ్యం. ఒకదాంట్లో లేత్‌లు, పక్కదాంట్లో గేర్ కటింగ్, ఆ పక్కన ప్లేటింగ్. నేను వెళ్లిన షెడ్డులో వార్మ్ గేర్‌బాక్సులు తయారవుతాయి. బియ్యం మిల్లుల్లో, దాణా ఫ్యాక్టరీల్లో కన్వేయర్లను తిప్పేవి ఇవే. ఇన్నాళ్లూ ఎక్సెల్‌లో నడిచిన విడిభాగాల లెక్కను వీళ్లు డేటాబేసులోకి మారుస్తున్నారని తెలిసి చూడబోయాను.

ఫిట్టింగ్ బల్ల మీద మరమ్మతుకొచ్చిన బాక్సు ఒకటి విప్పి ఉంది. పోత ఇనుము బాడీ, అందులో మరచుట్టులా కోసిన వార్మ్ షాఫ్టు, దానితో కలిసి తిరిగే వార్మ్ వీల్. వార్మ్‌ది గట్టి ఉక్కు, వీల్ అంచు ఫాస్ఫర్ బ్రాంజ్. రెండూ రాసుకుంటూ తిరుగుతాయి కాబట్టి ఒకటి మెత్తనిదై ఉండాలి. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరిగితే 30:1 బాక్సు దాన్ని 48కి దించుతుంది.

ఫిట్టర్ ముందు వార్మ్ షాఫ్టుకు బేరింగులు ఎక్కించి పక్కన పెట్టాడు. తర్వాత వీల్‌ను హబ్‌కు బిగించి, కీ వేసి, దాని షాఫ్టు మీద కూర్చోబెట్టాడు. “అన్నీ ఒక్కసారే ఎక్కవు సార్. ముందుగాల చిన్న సెట్లు కట్టుకోవాలె, ఆ సెట్లను బాడీల ఎక్కియ్యాలె” అన్నాడు. సబ్ అసెంబ్లీ అంటే ఈ సెట్టే. సెట్టులో ఇంకో సెట్టు ఉండొచ్చు. బాక్సు కూడా మోటారు, బేస్ ఫ్రేము, కప్లింగ్ గార్డుతో కలిసి డ్రైవ్ యూనిట్ అనే ఇంకా పెద్ద సెట్టులో భాగమవుతుంది.

అసలు చిక్కు స్టోర్సులో కనిపించింది. అక్కడి పెద్దాయన కంప్యూటరులో మోడలుకో షీటు చూపించారు. ఒకే బాడీలో 20, 30, 40 నిష్పత్తుల బాక్సులు వస్తాయి. మారేవి వార్మ్, వీల్ రెండే. బాడీ, కవర్లు, సీళ్లు, బోల్టులు అన్నింటికీ అవే. అయినా మూడు షీట్లలోనూ మొత్తం జాబితా రాసి ఉంది. ఆమధ్య ఆయిల్ సీల్ సైజు మారితే రెండు షీట్లు దిద్ది మూడోది మరిచిపోయారట. ఆ మోడలుకు చాలా రోజులు పాత సీల్ కొంటూనే ఉన్నారు. “సరుకు తప్పు రాలేదండీ, కాయితమే తప్పు” అన్నారాయన.

డేటాబేసు కడుతున్న ప్రోగ్రామర్ అమ్మాయి తెల్లబోర్డు దగ్గరికి తీసుకెళ్లింది. ఎవరికైనా ముందు తట్టే పద్ధతి, ప్రతి భాగం పక్కన ‘ఇది దేనిలోది’ అనే గడి పెట్టడం. వంశవృక్షంలో పిల్లాడి పక్కన తండ్రి పేరు రాసినట్టు. కానీ ఎమ్8 బోల్టు సైడ్ కవర్లోనూ ఉంది, బేరింగ్ మూతలోనూ ఉంది, కప్లింగ్ గార్డులోనూ ఉంది. ఆ గడిలో ఏది రాయాలి? మూడు చోట్లకు మూడు బోల్టు రికార్డులు పెడితే మళ్లీ ఎక్సెల్ కథే.

అందుకే ఆమె రెండు పట్టికలు గీసింది. మొదటిది వస్తువుల పట్టిక. బోల్టయినా, సెట్టయినా, పూర్తి డ్రైవ్ యూనిట్టయినా ఇందులో ఒక్కో వరుసే. రెండోది కూర్పు పట్టిక. దానికి ముఖ్యంగా మూడు గళ్లు: పై వస్తువు, లోపలి వస్తువు, ఎన్ని. సైడ్ కవర్ సెట్టు, ఎమ్8 బోల్టు, 6. గేర్‌బాక్సు, సైడ్ కవర్ సెట్టు, 2. ‘ఆరు’ అనేది బోల్టు గుణం కాదు. ఆ కవర్లో ఆ బోల్టు ఎన్ని కావాలో చెప్పే లెక్క. దాని చోటు కూర్పు పట్టికలోనే. ఎన్ని అంతస్తుల లోతున్నా మూడో పట్టిక అక్కర్లేదు.

పది డ్రైవ్ యూనిట్లకు ఎన్ని ఎమ్8 బోల్టులు కావాలని అడిగాను. బోర్డు మీదే చేసి చూపించింది. బాక్సుకు సైడ్ కవర్లు 2, ఒక్కోదానికి 6 బోల్టులు, మొత్తం 12. బేరింగ్ మూతలు 2, ఒక్కోదానికి 4, మొత్తం 8. యూనిట్టుకు ఒక గార్డు, దానికి 4. వెరసి యూనిట్టుకు 24, పదింటికి 240. పైనుంచి కిందికి దిగే ప్రతి దారిలోనూ సంఖ్యలను గుణించుకుంటూ పోవాలి, చివర ఒకే వస్తువుకు చేరిన దారులన్నీ కూడాలి. డేటాబేసులో ఈ పని రికర్సివ్ క్వెరీ చేస్తుంది. అది తనకొచ్చిన జవాబునే మళ్లీ ప్రశ్నగా వేసుకుంటూ అట్టడుగుకు చేరుతుంది. డేటాబేసును ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్. దాని 1999 నాటి ప్రమాణంలో ఈ రికర్సివ్ క్వెరీ చేరింది. పోస్ట్‌గ్రెస్ డేటాబేసులోకి 2009లో, మైఎస్‌క్యూఎల్ డేటాబేసులోకి 2018లో వచ్చింది.

ఈ చిక్కు డేటాబేసుల పుట్టుకలోనే ఉంది. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన అపోలో కార్యక్రమంలో శాటర్న్ 5 రాకెట్ విడిభాగాల జాబితాను నడపడానికే ఐబీఎం 1966లో ఐఎంఎస్ అనే వ్యవస్థ పని మొదలుపెట్టింది. అది సమాచారాన్ని చెట్టు రూపంలో దాచేది. 1970లో అదే ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ ఒక వ్యాసంలో, సమాచారాన్ని పట్టికలుగా చూసే రిలేషనల్ పద్ధతిని ప్రతిపాదించాడు. చెట్టులో ముందే వేసిన దారులకు ప్రోగ్రాములు కట్టుబడిపోతున్నాయన్నది ఆయన అభ్యంతరాల్లో ఒకటి. ఆ వ్యాసంలో ఇచ్చిన ఉదాహరణల్లో భాగం, భాగం, ఎన్ని అనే మూడు గళ్ల పట్టిక ఉంది. బాలానగర్ బోర్డు మీద గీసిందీ అదే.

పట్టికలు రెండే అయినా కాపలా చాలా కావాలి. పొరపాటున బాక్సు లోపల సెట్టునీ, ఆ సెట్టు లోపల బాక్సునీ రాస్తే క్వెరీ గిరగిర తిరుగుతూనే ఉంటుంది. అందుకే కొత్త వరుస ఒప్పుకునే ముందు, లోపల పెట్టబోయే వస్తువులో ఎక్కడైనా పై వస్తువు దాగుందేమో ప్రోగ్రాము దిగి చూస్తుంది. ఇక ఫిట్టర్ కట్టే సెట్లన్నీ స్టోర్సుకు రావు. కొన్ని బల్ల మీదే పుట్టి నేరుగా బాక్సులోకి పోతాయి. వాటికి నిల్వ లెక్క అడగకుండా లోపలి భాగాలనే తీసుకోమని ఒక గుర్తు పెట్టారు.

నంబర్ల దగ్గర కాస్త వాదన జరిగిందట. 6206 బేరింగ్ అంటే చివరి 06ను అయిదుతో గుణిస్తే లోపలి వ్యాసం 30 మిల్లీమీటర్లు. నంబరే కొలత చెబుతుంది. తమ భాగాలకూ అలా మోడలు, నిష్పత్తి కలిసొచ్చే నంబర్లు కావాలన్నారు పెద్దాయన. 30 నిష్పత్తి కోసం పుట్టిన కవర్ రేపు 40కీ వాడితే ఆ నంబరు అబద్ధమవుతుందని ఆ అమ్మాయి వాదన. చివరికి వట్టి వరుస నంబర్లే ఖాయమయ్యాయి. కొలతలు పక్క గళ్లలో చేరాయి.

పెద్దాయనకు బాగా నచ్చింది మాత్రం కూర్పు పట్టికను కింది నుంచి పైకి చదవడం. బ్రాంజ్ పోత ఆలస్యమవుతుందని ఫౌండ్రీ చెబితే ఏ ఆర్డర్లు ఆగుతాయి? ఇదివరకు షీట్లన్నీ తెరిచి వెతికేవారు. ఇప్పుడు ఒక భాగం నంబరు కొడితే అది చేరే సెట్లు, బాక్సులు, యూనిట్లు వరసగా వస్తున్నాయి.

నేనున్నప్పుడే మిర్యాలగూడ రైస్ మిల్లు నుంచి ఫోను వచ్చింది. పాత బాక్సుకు సీల్ కావాలట. కూర్పు పట్టికలో ప్రతి వరుసకూ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో రాసే గళ్లు కూడా పెట్టారు. సీల్ మారితే పాత వరుసను చెరపకుండా తేదీతో ముగించి కొత్తది రాస్తారు. బాక్సు తయారైన తేదీ తెలిస్తే అప్పటి సీల్ దొరుకుతుంది. కానీ ఈ తేదీలు ఈ ఏడాది మార్పుల నుంచే ఉన్నాయి. మిల్లు వాళ్ల బాక్సు అంతకు ముందుది. పెద్దాయన పాత బిల్లు పుస్తకం తీసి సంవత్సరం చూశారు, ఆ కాలపు సీల్ సైజు ఫిట్టర్‌ని అడిగారు, ఆ వరుసను వెనకటి తేదీతో ఎక్కించమని ఆ అమ్మాయికి చెప్పి, మిల్లుకు ఫోను చేశారు.