పక్కింటి హైడ్రోజన్లు

ఎవరింటి గుట్టయినా తెలుసుకోవాలంటే వాళ్లనడిగి లాభం లేదు, పక్కింటివాళ్లని అడగాలి. ఇది మన వీధులకే కాదు, హైడ్రోజన్ పరమాణువులకూ వర్తిస్తుందంటే నవ్వకండి. మా కోడలికి నేనీమధ్య పాఠం మొదలుపెట్టింది ఇక్కణ్ణించే.

ఆ అమ్మాయి బి.యస్సీ. ప్యాసై ఆరేళ్లయింది. పెళ్లి, పిల్లవాడు, సంసారం. ఈ ఏడు ఎం.యస్సీ. ప్రవేశపరీక్ష రాస్తానంది. "ఇప్పుడెందుకే చదువు?" అని మా ఆవిడ ఒక్కసారే అంది గాని, ఆ ఒక్కమాటా ఇంట్లో వారంరోజులు వినిపించింది. పిల్లవాడు నిద్రపోయి, వంటిల్లు సర్దడం అయ్యాక దొరికే తీరిక గంటన్నర. నేను ముప్ఫయ్యేళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి కనక ఆ గంటన్నరకూ గురుపీఠం నాది.

రసాయన చర్యలు ఆమెకు బాగానే జ్ఞాపకమున్నాయి. భయమల్లా ఎన్.ఎం.ఆర్. లెక్కలంటే. కాగితంమీద ఒక గీత, దానిమీద గోపురాల్లా కొన్ని శిఖరాలు. ఇదే పదార్థమో చెప్పమంటారు. ఏ శిఖరం ఎక్కడొస్తుందో పట్టికంతా బట్టీపట్టింది. పట్టిక గుర్తున్నంతసేపే ధైర్యం.

"పుస్తకం మూసెయ్యమ్మా. మన వీధి సంగతి ఆలోచించు" అన్నాను.

హైడ్రోజన్ కేంద్రకం చిన్న అయస్కాంతంలాంటిది. దాన్ని బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచి రేడియో తరంగాలు పంపితే, తనకు సరిపడిన తరంగానికే అది పలుకుతుంది. ఆస్పత్రిలో ఎం.ఆర్.ఐ. యంత్రం మన ఒంట్లోని నీటిని పలికించేదీ ఇలాగే. చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లను బట్టి ఆ పలికే చోటు కొద్దిగా మారుతుంది. ఆక్సిజన్‌కు అంటుకున్న కార్బన్ మీది హైడ్రోజన్లయితే కాగితంమీద బాగా ఎడమకు జరుగుతాయి. శిఖరం కింద వైశాల్యం ఆ ఇంట్లో ఎందరున్నారో చెబుతుంది. తమాషా అంతా చీలికల్లో ఉంది. శిఖరం ఎన్ని ముక్కలైందో చూస్తే తెలిసేది పక్కింటి జనాభా! పక్క కార్బన్ మీద ముగ్గురుంటే నాలుగు ముక్కలు, ఇద్దరుంటే మూడు. ఎప్పుడూ ఒకటి ఎక్కువ.

1946లో అమెరికాలో బ్లాక్, పర్సెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వేరువేరుగా ఈ విద్యకు దారి వేశారు. 1952లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. 1951లో ఇథైల్ ఆల్కహాలు మూడు వేరువేరు శిఖరాలిస్తుందని చూపించిన ముగ్గురిలో ధర్మట్టి అనే మన దేశస్థుడున్నాడు. ఆ పేరు వినగానే మా కోడలు కొంచెం నిటారుగా కూర్చుంది.

మొదటి లెక్క కవలపిల్లలది. నాలుగు కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు, రెండు ఆక్సిజన్లు. మూడు ముక్కల శిఖరం ఒకటి, నాలుగు ముక్కలది ఒకటి, చీలనిది ఒకటి. ఇథైల్ ఎసిటేటూ ఇలాగే ఉంటుంది, మిథైల్ ప్రొపనోయేటూ ఇలాగే ఉంటుంది. నాలుగు ముక్కలది 4.1 దగ్గరుంటే ఆ ఇల్లు ఆక్సిజన్‌ను ఆనుకునే ఉంది, కనక ఇథైల్ ఎసిటేటు. అది 2.3 దగ్గరకొచ్చి, చీలనిది 3.7 దగ్గరుంటే రెండోది. నేను చదువుకున్న కాలేజీలో ఈ యంత్రం లేదు. క్షారంతో మరిగించి, విడిపోయిన ఆల్కహాలును బట్టిపట్టి అయొడోఫారం పరీక్ష చేసేవాళ్లం. ఇథైల్ ఆల్కహాలైతే పసుపుపచ్చని మడ్డి, గుప్పుమని ఆస్పత్రి వాసన. మిథైల్ ఆల్కహాలైతే ఏమీ లేదు. ఆ మాట చెబితే, "అయితే సాక్షులు ఇద్దరు, సాక్ష్యం ఒక్కటే అన్నమాట, మామయ్యగారూ" అంది. పట్టిక బట్టీపట్టే పిల్ల అనే మాట కాదది.

మూడోరోజు లెక్కలో మూడు కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. ఆరుగురున్న ఇల్లు రెండు ముక్కలైంది. ఒంటరిగా ఉన్నది ఏడు ముక్కలైంది. ఇంకో శిఖరం భారజలం కలిపి కుదిపితే మాయమైంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలని తేల్చడానికి అరగంట పట్టింది. నేను నోరు విప్పలేదు. నోరు విప్పకుండా కూర్చోవడం ఎంత కష్టమో పంతుళ్లకే తెలుస్తుంది.

"దీన్ని క్రోమిక్ ఆమ్లంతో ఆక్సీకరణం చేస్తే?" అన్నాను.

పెన్సిలు కదలలేదు. కాసేపటికి ఒక్కసారిగా, "ఒకటే శిఖరం, చీలదు! మధ్యనున్న ఒంటరాయన ఇల్లు ఖాళీ చేశాడుగా! ఎసిటోను!" అని కేక పెట్టింది.

"ఎవరే ఇల్లు ఖాళీ చేసింది? మూడో వాటావాళ్లా?" అంటూ మా ఆవిడ గదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

విషయమంతా కోడలే చెప్పింది, అచ్చంగా మా వీధి భాషలో, బొమ్మ గీసి మరీ. మా ఆవిడ శ్రద్ధగా వింది. ఆరుగురూ ఒకే ఇంట్లో ఎలా సర్దుకున్నారని అడిగింది. ఒక ఇల్లు కాదత్తయ్యా, అచ్చం ఒకేలాంటి రెండిళ్లు, ఇంటికి ముగ్గురేసి అని కోడలు సవరించింది. "అలా చెప్పు మరి" అని, వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, "పరీక్ష ఏ తారీకే? పిల్లవాణ్ణి ఆ రోజు నాతో గుడికి తీసుకుపోతాను, లేకపోతే నీ కొంగు వదలడు" అంది.

ఇంకా ముప్ఫయి లెక్కలున్నాయి. వాటిలో పదకొండు బెంజీన్ వలయానివి. ఆ శిఖరాలన్నీ ఏడు దాటాక గుంపుగా చేరి గొడవ పెడతాయి. వాటిని ఆదివారానికి అట్టేపెట్టాం.